మత్తుమందును మన వంశచరిత్రమును
(ఆర్యవైశ్య వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవాడను. వైద్యుడను గాను. శబ్దములును ధాతువులును వల్లెవేయించిన యీ నోటితో శస్త్రచికిత్సను గుఱించి యేల మాటాడుచున్నానని మీలో కొందఱకు తోపవచ్చును. ఆహ్వానసంఘము వారు నన్ను మన గోత్రముల ప్రాశస్త్యమును గుఱించి ప్రసంగింపుమని కోరిరి. ఆ ప్రాశస్త్యమును నాకంటె చక్కగా వర్ణింపగల పండితులు ఈ సభలో ననేకులు కలరు. నేను మాత్రము ఆ గోత్రములతోనే ముడివడియున్న యొక ప్రమాదమును గుఱించి చెప్పెదనని మనవి చేసికొంటిని. వారు దయతో నంగీకరించిరి.

శాస్త్రవిషయము చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట ధర్మము.

1984వ సంవత్సరమున మా అక్కగారికి కాన్పు కష్టమై, ఒక పట్టణములోని యాసుపత్రిలో కడుపు కోసి బిడ్డను తీసిరి. మగబిడ్డ క్షేమముగా పుట్టెను. కాని శస్త్రము ముగిసిన పిమ్మట అక్కకు ఊపిరి రాలేదు. డాక్టరును నర్సులును వంతులు వేసికొని రబ్బరుసంచి నొక్కుచు తెల్లవారువఱకు గాలి యందించిరి. తూర్పు తెల్లవారినపుడు ఆమె తనంతట తాను ఊపిరి పీల్చెను. "ఈమెకు ఫలానా మందు పడదు. ఈ సంగతి మఱవకుడు, ఈమె పిల్లల విషయమునను జ్ఞప్తియందుంచుకొనుడు" అని డాక్టరు ఒక కాగితముమీద వ్రాసి యిచ్చెను. ఆ కాగితము మా బావగారి యినుపపెట్టెలో చేరినది. "ఆడపిల్ల పుట్టినచో రేపు సంబంధములు చెడును, ఈ మాట గడప దాటగూడదు" అని మా పెద్దలు కట్టడి చేసిరి. ఆ కట్టడిని నేనును శిరసావహించితిని.

ఇరువదియేడు సంవత్సరములు గడచినవి. 2011లో ఆ మగబిడ్డకే, అనగా మా మేనల్లునకే, అర్ధరాత్రమున కడుపునొప్పి వచ్చినది. అపెండిక్సు వాచినదనియు వెంటనే కోయవలెననియు వైద్యులు చెప్పిరి. అప్పటికి మా అక్క గతించి మూడేండ్లయినది. బావగారు పక్షవాతముతో మంచముననుండిరి. పెద్దదిక్కుగా నేనే వెంట వెళ్లితిని. మత్తు ఇచ్చు వైద్యురాలు వచ్చి, "మీ యింట ఎవరికైనను మత్తు ఇచ్చినపుడు ఇబ్బంది కలిగినదా?" అని స్పష్టముగా నడిగెను. ఆ సమయమున నా ప్రక్కన, మా మేనకోడలికి నిశ్చయమగుచున్న సంబంధమువారి పెద్ద నిలిచియుండెను. పాపము, సాయము చేయుటకే వచ్చినవాడు. నేను ఆయన వంక చూచితిని. "లేదమ్మా" అంటిని.

ముప్పదియైదేండ్లు పిల్లలకు సత్యమును గుఱించి పాఠము చెప్పినవాడు పలికిన మాట యది.

మేనల్లుడు అయిదు గంటలు యంత్రముమీద నుండెను. బ్రతికినాడు. మూడవ దినమున నా చేయి పట్టుకొని యిట్లనెను: "మామయ్యా, నాకు మధ్యలో తెలివి వచ్చినది. మీ గొంతు వినబడినది. కన్ను తెఱవలేకపోతిని, వ్రేలు కదపలేకపోతిని. చచ్చిపోయితి ననుకొంటిని." నాటినుండి నేడు వఱకు నేను ఆ మాట మఱచిన దినము లేదు. అందువలననే ఈ వేదిక యెక్కితిని.

ఇక విషయమునకు వత్తును.

శస్త్రచికిత్సయందు రోగికి నిద్ర కలిగించు మందు వేఱు, కండరములను సడలించు మందు వేఱు. గొంతులోనికి గొట్టము పంపవలసివచ్చినపుడు కండరములు పూర్తిగా సడలవలెను. ఇందులకు సక్సినైల్‌కోలిన్ అను మందును 1951 ప్రాంతమునుండి వాడుచున్నారు. అది నరమునకెక్కిన యొక నిమిషములోనే పనిచేయును. అయిదు పది నిమిషములలో దాని ప్రభావము తీఱిపోవును. అత్యవసర శస్త్రములలో ఈ గుణము వలన దానికి గొప్ప విలువ కలిగినది. అంత త్వరగా తీఱిపోవుటకు కారణ మేమనగా, మన కాలేయములో తయారై రక్తములో సంచరించు బ్యుటైరిల్‌కోలినెస్టరేస్ అను ఎంజైము ఆ మందును విఱుగగొట్టును. దీనినే సూడోకోలినెస్టరేస్ అనియు నందురు.

ఈ ఎంజైము పనిచేయని మనుష్యులు కొందఱు కలరు. వారికి అదే మందు అంతే మోతాదులో ఇచ్చినచో, నిమిషములలో తీఱవలసిన ప్రభావము గంటలకొలది నిలిచియుండును. ఊపిరి పీల్చు కండరములు కూడ కదలవు. మా మేనల్లునివలె, నిద్ర తేఱినను శరీరము కదలని దుఃస్థితి సంభవింపవచ్చును. 1950 తరువాతి దశకములో కెనడాదేశపు టొరంటో నగరమున వెర్నర్ కాలో అను శాస్త్రజ్ఞుడు ఈ భేదము పుట్టుకతో వచ్చునదని చూపి, 1957లో దానిని కనుగొను రక్తపరీక్షను ప్రకటించెను.

ఇది రోగము గాదు. ఈ మాటను మీరందఱు చెవినిడ గోరుచున్నాను. ఈ ఎంజైము లేనివారు తక్కినవారివలెనే పెరుగుదురు, చదువుదురు, వ్యాపారము చేయుదురు, బిడ్డలను కని పెంచుదురు. ఈ జాతి మందు శరీరమునకు తగిలిన దినమున తప్ప ఆ లోపము తన యునికిని తెలుపదు. ఆ మందు తగిలినను, ఊపిరి యందించుచు, నిద్రలో నుంచి, ఓపికతో వేచియున్నచో రోగి పూర్తిగా కోలుకొనును. ప్రమాద మంతయు తెలియకపోవుటయందే యున్నది.

దీనికిని మన కులమునకును సంబంధ మేమి? కోయంబత్తూరునందలి భారతియార్ విశ్వవిద్యాలయమునకు చెందిన బూపతిగారును, అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన లాక్‌రిడ్జ్‌గారును, వారి సహచరులును ఆ పట్టణపు వైశ్యుల రక్తమును పరీక్షించి 2006లో నొక విషయము ప్రకటించిరి. ఈ ఎంజైము నిర్మాణములో 307వ స్థానమున ల్యూసిన్ అను భాగము ఉండవలసిన చోట ప్రోలిన్ అను మఱియొక భాగము వచ్చి చేరినది. సంస్కృతము చదివినవారికి ఇది వింత గాదు. సకల మనగా సమస్తము. శకల మనగా ముక్క. ఒక్క యక్షరము మాఱినంతనే పూర్ణమైనది తునుక యైనది. అట్లే యిక్కడను ఒక్క భాగము మాఱుటచే ఎంజైము నిష్ప్రయోజనమైనది. ఆ పట్టణములో వారు పరీక్షించిన మనవారిలో సుమారు 24 మందికి ఒకరి రక్తమున ఈ ఎంజైము పని కానరాలేదు. ఒక పట్టణపు లెక్కను దేశమందలి మనవారి కందఱకు అంటగట్టరాదు. అయినను 2017లో వెలువడిన మఱియొక పెద్ద పరిశోధనయందును, ఈ లోపము ఇతరులలో కంటె వైశ్యులలో సుమారు 100 రెట్లు అధికమని పేర్కొనిరి. వైశ్యవంశమున పుట్టుటయే ఈ మందు వాడుటకు తెలిసిన యభ్యంతరమని కూడ అందు వ్రాసిరి.

ఆ 2017 నాటి పరిశోధన హైదరాబాదునందలి సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజుగారును, హార్వర్డు విశ్వవిద్యాలయపు డేవిడ్ రైక్‌గారును, మఱియు ననేకులును గూడి చేసినది. దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయములకు చెందిన 2,800 మందికి పైగా జనుల జన్యువులను వారు పరిశీలించిరి. ఆ సముదాయములలో 81 సముదాయములు, చాల కాలము క్రిందట కొద్దిమంది మూలపురుషులనుండి పుట్టి, తమలో తామే పెండ్లిండ్లు చేసికొనుచు పెరిగినవని తేలినది. కనుక ఇది మన యొక్కరి కథ గాదు. తెలిసిన లోపము మనది. తక్కినవారిలో తెలియవలసినవి యింకను ఎన్నియో కలవు. ఈ శాస్త్రజ్ఞులే లాల్జీసింగుగారు మొదలగువారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనలో, మన వైశ్యుల విషయమున ఈ ఘటన నూఱు తరములకు పూర్వమే జరిగినదని గణించిరి. అనగా రెండుమూడు వేల సంవత్సరములుగా మన పూర్వులు బయటివారితో దాదాపుగా వియ్యమందలేదు.

దీనిని మన వృత్తిభాషలో చెప్పెదను. ప్రతి మనుష్యునియందును ఈ ఎంజైమునకు రెండు ప్రతులు వ్రాయబడియుండును: తండ్రి యిచ్చిన దొకటి, తల్లి యిచ్చిన దొకటి. ఒక ప్రతిలో తప్పున్నను రెండవ ప్రతి కొంతవఱకు పని జరిపించును. రెండు ప్రతులలోను తప్పున్నవానికే ఆపద. తలిదండ్రు లిద్దఱును ఒక్కొక్క తప్పుప్రతి కలవారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును రెండు తప్పుప్రతులు వచ్చు నవకాశము నాలుగింట నొకటి. కొద్దిమంది మూలపురుషులలో ఒకని ప్రతిలో నున్న తప్పు, ఆ సంతతి బయటికి పోక లోలోపలనే వృద్ధిపొందినచో, వేలకొలది యిండ్ల లోనికి ప్రాకుటలో నాశ్చర్యము లేదు. ఒక చిట్టాలో దొరలిన తప్పు దానిని చూచి వ్రాసికొన్న ప్రతి ఆవర్జాలోను దొరలినట్లే యిదియు.

ఇచట కొందఱు, "మా యింట మేనరికములు లేవు, మాకేమి భయము?" అని యడుగుదురు. మా అక్కను మేనరిక మీయలేదు. బావగారి గోత్రము వేఱు, ఊరు వేఱు, జిల్లా వేఱు. ఏడు తరములు వెదకినను బంధుత్వము కానరాదు. అయినను మా అక్కకు వచ్చినదే ఆమె కుమారునకు వచ్చినది. బావగారియందును ఒక తప్పుప్రతి లేనిదే యది పొసగదు. సగోత్రులను వర్జించుమని ధర్మశాస్త్రములు విధించినవి. తండ్రి వంక ఏడవ తరము వఱకును తల్లి వంక అయిదవ తరము వఱకును సాపిండ్యము విడువవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మేనమామ కూతును పెండ్లియాడుట దక్షిణదేశపు ఆచారమని బోధాయనుడు పేర్కొనెను. ఆ రెండవదానిని మనవారు మొదటిదానికంటె నెక్కువ నిష్ఠతో పాటించిరనుట మీ రెఱిగినదే. కాని 102 గోత్రములును ఒకే యేటి పాయలైనపుడు, పాయ మార్చినంతమాత్రమున నీరు మాఱదు. దగ్గఱి చుట్టఱికములో పెండ్లి చేసికొన్నచో ఇట్టి లోపములు కలియు నవకాశము మఱింత హెచ్చును. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున, అన్నదమ్ముల అప్పచెల్లెండ్ర పిల్లలు తమలో తాము చేసికొన్న పెండ్లిండ్లను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టుకతో వచ్చు అవయవలోపములు నూటికి 3 ఉండవలసినచోట 6 వఱకు నున్నవని తేలినది. అట్టి పెండ్లి తలపెట్టువారు ముందుగా జన్యువైద్యుని సలహా పొందుట మంచిది.

ఇట్టి స్థితిలో నున్న మఱియొక జనసమూహ మేమి చేసినదో చెప్పెదను. యూదులలో అష్కెనాజీ శాఖవారికి టే-సాక్స్ అను భయంకరమైన శిశువ్యాధి ఎక్కువగా వచ్చెడిది. అది సోకిన బిడ్డలు బాల్యములోనే చనిపోదురు. 1971లో అమెరికాలో వారు ఊరూర తమవారికి పరీక్షలు ప్రారంభించిరి. కొన్ని దశాబ్దములలో అమెరికా, కెనడాలలోని యూదులలో ఆ వ్యాధి నూటికి తొంబది వంతులకు పైగా తగ్గినది. అందులో ఆచారపరులైనవారు పరీక్షకు వెనుదీసిరి. పిల్లల పెండ్లిండ్లకు మచ్చ వచ్చునని వారి భయము. అప్పుడు జోసఫ్ ఎక్‌స్టైన్ అను మతగురువు, ఈ వ్యాధిచే తన నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్నవాడు, 1983లో దోర్ యెషోరిమ్ అను సంస్థను స్థాపించెను. అందు పరీక్షించుకొన్న ప్రతివానికిని ఒక సంఖ్య నిత్తురు. సంబంధము కుదుర్చుకొనునపుడు ఇరువురి సంఖ్యలను తెలిపినచో, ఆ జంట కూడునా కూడదా అని మాత్రము చెప్పుదురు. ఎవరి మచ్చయు బయట పడదు. తాను పోగొట్టుకొన్నదానిని దాచుకొనక, ఇతరులకు మేలుగా మార్చిన ఆ తండ్రికి నేను మనస్సులో నమస్కరింతును.

అయితే వారి కష్టమునకును మన కష్టమునకును గొప్ప భేదము కలదు. వారి బిడ్డలకు మందు లేదు. కావున వారు సంబంధమునే మార్చుకొనవలసివచ్చినది. మనము ఒక్క మందును మార్చినచో చాలును. సక్సినైల్‌కోలిన్‌ను, అదే త్రోవలో విఱుగు మైవాక్యూరియమ్‌ను వర్జించి, రోకురోనియమ్ వంటి మఱియొక మందును వాడవచ్చును. దాని ప్రభావమును తొలగించు విఱుగుడు మందును కలదు. ఈ లోపమును బట్టి సంబంధము మానుకొనవలసిన పనియే లేదు. ఇక మనము దాచుచున్నది దేనికొఱకు?

మా మేనకోడలి సంబంధము మాట మిగిలినది. మేనల్లుడు ఇల్లు చేరిన తరువాత నేను ఆ పెద్దమనిషి యింటికి వెళ్లి, 1984 నాటి సంగతియు, ఆ రాత్రి నేనాడిన యబద్ధమును చెప్పితిని. "ఇక మీ యిష్టము" అంటిని. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిమ్మట లోపలికి వెళ్లి తలుపు చేరవేసి వచ్చి, మెల్లగా, "మా తమ్ముడు పంటికి గాని పొట్టకు గాని కాక, కాలు విఱిగి శస్త్రమునకు వెళ్లి బల్లమీదనే పోయినాడు. కారణ మేమో మే మడుగలేదు, ఎవరికిని చెప్పలేదు" అనెను. ఆ తమ్ముని మరణమునకు కారణ మిదియే యని నేను చెప్పజాలను. కాని రెండిండ్లవారమును ఒకరికి తెలియకుండ ఒకరము దాచుకొనుచు, మా పిల్లలను ఒకే ప్రమాదము వంకకు నడిపించుచుంటిమని మాత్రము ఆ క్షణమున తెలిసినది. ఆ పెండ్లి జరిగినది. వధూవరు లిద్దఱును పరీక్ష చేయించుకొనిరి. మా మేనకోడలు తన చేతిసంచిలో ఒక చీటి నుంచుకొని తిరుగుచున్నది. ఆమెకు రెండుమాఱులు కాన్పు శస్త్రముతో జరిగినది. వైద్యులు చీటి చూచి తగిన జాగ్రత్త తీసికొనిరి. రెండుమాఱులును ఏ యాపదయు కలుగలేదు.

కావున ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది ప్రతి గృహస్థునకు. ఎవరింట శస్త్రచికిత్స జరుగనున్నను, మత్తు ఇచ్చు వైద్యుని ముందుగానే కలిసి, "మేము ఆర్యవైశ్యులము; మావారిలో సూడోకోలినెస్టరేస్ లోపము ఎక్కువగా నుండునని విన్నాము" అని చెప్పుడు. ఇది కులాభిమానము గాదు, వైద్యునకు కావలసిన వంశవృత్తాంతము. ఈ పరీక్షను అన్ని ఆసుపత్రులలోను అందఱకు చేయరు, అడిగినచో చేయుదురు. కులాంతర వివాహముల వలన పుట్టిన మన పిల్లలును, అమెరికా మొదలగు దేశములలో స్థిరపడిన మన పిల్లలును ఈ మాట తప్పక చెప్పవలెను. అచటి వైద్యులకు మన పేరు వినగానే ఈ సంగతి స్ఫురింపకపోవచ్చును.

రెండవది పరీక్షను గుఱించి. ఇది సామాన్యమైన రక్తపరీక్ష. అయితే దాని ఫలితమును వైద్యుడే విమర్శింపవలెను. గర్భిణులకును, కాలేయవ్యాధి కలవారికిని, పురుగుమందు సోకినవారికిని ఈ ఎంజైము తాత్కాలికముగా తగ్గియుండును. లోపమున్నదని తేలినవారు ఆ సంగతి వ్రాసిన చీటిని తెలుగులోను ఇంగ్లీషులోను ఎల్లప్పుడు దగ్గఱ నుంచుకొనవలెను; అన్నదమ్ములకును అప్పచెల్లెండ్రకును బిడ్డలకును పరీక్ష చేయింపవలెను. శస్త్రచికిత్సకు మాత్రము భయపడి మానరాదు.

మూడవది పోషకులైన దాతలకు. మన పెద్దలు సత్రములు కట్టించిరి, విద్యార్థులకు వసతిగృహములు కట్టించిరి, వేతనము లిచ్చిరి. ఆ దారిలోనే, ఈ పరీక్షకు ఖర్చుపెట్టలేని మన పేదకుటుంబముల కొఱకు ఒక నిధి నేర్పరుపుడు. ప్రతి సంవత్సరము మహాసభ జరుగు చోట ఒక వైద్యుని పర్యవేక్షణలో రక్తపరీక్ష చేయింపుడు. ఫలితము ఎవరిది వారికే, మూసిన కవరులో, అందవలెను. సంబంధముల పట్టికలోనికి అది యెక్కరాదు.

మనము లెక్కలవారము. రావలసిన బాకీయే కాదు, ఈయవలసిన బాకీయు చిట్టాలో వ్రాయనివానిని మన పెద్దలు వ్యాపారి యనలేదు. మా యింట నొక పద్దును ఇరువదియేడేండ్లు వ్రాయక దాచితిమి; ఆ వడ్డీని ఒక బిడ్డ బల్లమీద పరుండి చెల్లించినాడు. మీ యిండ్ల యినుపపెట్టెలలో అట్టి కాగితము లేవైన నున్నచో, ఈ రాత్రియే తీసి పిల్లలకు చదివి వినిపింపుడు. పెద్దవారెవరైన "అప్పుడెప్పుడో మత్తు దిగలేదట" అని యనిన మాట జ్ఞప్తి యున్నచో, అదియు వ్రాసి యుంచుడు.

ఆయుర్దాయము దైవాధీన మందురు. కాని వైద్యు డడిగిన ప్రశ్నకు ప్రత్యుత్తరము మన యధీనము. ఆనాడు నేను చెప్పని యుత్తరమును మీలో నొక్కరైనను మీ బిడ్డకొఱకు చెప్పినచో, నా యీ ముదుసలి వయస్సున ఈ వేదిక యెక్కినందులకు కృతార్థుడ నగుదును.